బోను లాగే మనిషి కోసం పుట్టిన పడవ: మేన్ తీరపు చెక్క లాబ్‌స్టర్ బోట్లు, వాటిని కట్టినవాళ్లు

అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న మేన్ రాష్ట్రంలో ఏ చిన్న రేవుకు వెళ్లినా, నీటిమీద లంగరు వేసి ఉన్న పడవలన్నీ ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. ముందు కొన ఎత్తుగా, కోసుగా ఉంటుంది. అక్కడి నుంచి పడవ అంచు వెనక్కి వెళ్లేకొద్దీ కిందికి వాలుతూ వచ్చి, సగం దాటాక మనిషి వంగి నీళ్లను అందుకోగలిగినంత పల్లంగా ఉండిపోతుంది. ముందువైపు ఒక చిన్న గది, దాని వెనుక పైకప్పు మాత్రమే ఉండి వెనుక గోడ లేని చుక్కాని చోటు, ఆ తరువాత అంతా ఖాళీగా వదిలేసిన నేల. మసాచుసెట్స్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ వేసవి సెలవుల్లో ఉత్తరానికి కారు తోలుకుని వెళ్లే మా బోటి తెలుగు కుటుంబాలకు ఈ తీరమంటే అకేడియా నేషనల్ పార్కు, దీపస్తంభాలు, లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యలాంటి సముద్రజీవి మాంసం కూరిన రొట్టె. నాకు మాత్రం కొన్నేళ్లుగా ఈ పడవల మీదికే ధ్యాస పోతోంది. ఇంత తీరైన ఆకారాన్ని ఏ నౌకా నిర్మాణ శాస్త్రజ్ఞుడూ కాగితం మీద గీసి ఇవ్వలేదు. చలికాలంలో కొట్టాల్లో కూర్చుని పడవ కట్టి, వేసవిలో అదే పడవ మీద సముద్రానికి వెళ్లిన పల్లెటూరి మనుషులు నూరేళ్లకు పైగా ఒక పడవలోని లోపాన్ని తరువాతి పడవలో సవరించుకుంటూ వచ్చినందువల్ల ఈ రూపం తేలింది.

పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో మేన్ తీరంలో లాబ్‌స్టర్లకు కొదవ లేదు, కానీ కొనేవాళ్లు దూరంగా బోస్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఉండేవారు. చచ్చిన లాబ్‌స్టర్ గంటల్లోనే పాడవుతుంది కనుక దాన్ని ప్రాణంతోనే చేర్చాలి. అందుకు ఒక ప్రత్యేకమైన తెరచాప ఓడ వాడుకలోకి వచ్చింది. దాని నడిమి భాగాన్ని నీరు కారని అడ్డుగోడలతో వేరు చేసి, ఆ గది అడుగు పలకలకు వరుసగా రంధ్రాలు తొలిచేవారు. సముద్రపు నీరు ఆ గదిలోకి వచ్చి పోతూ ఉండేది, లాబ్‌స్టర్లు ప్రయాణమంతా బతికే ఉండేవి. ఓడ అడుగుకు కావాలని చిల్లులు పెట్టడమేమిటని మొదటిసారి విన్నవాళ్లు అనుకోవడం సహజమే, కానీ ఆ వ్యాపారమంతా ఆ చిల్లుల మీదే నడిచింది. 1840లలో ఈస్ట్‌పోర్ట్‌లో లాబ్‌స్టర్ మాంసాన్ని డబ్బాల్లో నింపే కర్మాగారం మొదలై, క్రమంగా తీరం పొడవునా అటువంటివి వెలిశాయి. దానితో ఊళ్లలో ఒంటరిగా పట్టుకునేవాడికి కూడా ఇంటి ముందే బేరం దొరికింది. అలా ఒక్క మనిషి నడపగల చిన్న పడవకు గిరాకీ పుట్టింది.

ఆ చిన్న పడవల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది పీపాడ్. బఠాణీ కాయ ఆకారంలో రెండు కొసలూ కోసుగా ఉండే, పదిహేను అడుగులకు కాస్త అటూ ఇటూగా ఉండే తెడ్ల పడవ ఇది. 1870ల ప్రాంతంలో పెనాబ్‌స్కాట్ అఖాతంలోని నార్త్ హేవెన్ దీవి చుట్టుపక్కల ఇది పుట్టిందని చెబుతారు. మామూలుగా తెడ్లు వేసేవాడు వెనక్కి తిరిగి కూర్చుని లాగుతాడు. పీపాడ్ మనిషి మాత్రం నిలబడి, ముందుకు చూస్తూ తెడ్లను తోసేవాడు. అందుకు తెడ్లు ఆనే కొయ్యలను ఎత్తుగా బిగించేవారు. బోనులు, అంటే లాబ్‌స్టర్లను పట్టడానికి ఎర పెట్టి నీటి అడుగుకు దించే పెట్టెలు, పెట్టేది ఒడ్డుకు దగ్గరగా, రాళ్ల మధ్య. అక్కడ ముందున్న బండ కనబడకపోతే పడవ పగులుతుంది, తన బోను మీద తేలే బోయా కనబడకపోతే ఆ రోజు కూలి పోతుంది. రెండు కొసలూ కోసుగా ఉండడంలోనూ ఇటువంటి లెక్కే ఉంది. రాళ్ల సందులో ఇరుక్కుంటే పడవను తిప్పే పని లేకుండా వచ్చిన దారినే వెనక్కి నడపవచ్చు. పక్క అంచు మీద మనిషి బరువంతా ఆన్చి బోను లాగుతున్నా ఒరిగిపోకుండా ఉండేందుకు అడుగును కాస్త గుండ్రంగా, నిండుగా మలిచేవారు.

తీరానికి దూరంగా, లోతు నీళ్లలో పని చేయడానికి తెడ్లు చాలవు. ఆ అవసరం నుంచి వచ్చిందే ఫ్రెండ్‌షిప్ స్లూప్ అనే ఒంటి స్తంభపు తెరచాప పడవ. మస్కాంగస్ అఖాతంలో అంతకుముందు చిన్న తెరచాప పడవలు ఉండేవి. వాటి అడుగున, అవసరాన్నిబట్టి కిందికి దించి పైకి ఎత్తుకునే పలక ఒకటి ఉండేది. 1880 ప్రాంతంలో ఆ పలకకు బదులు లోతైన స్థిరమైన అడుగుదూలం వచ్చింది. మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ రేవు చేపల ఓడల నుంచి వంపు తిరిగిన ముందు కొన వచ్చి చేరింది. ఆ అఖాతంలో పడవలు కట్టినవాళ్లు చాలామందే ఉన్నా, ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో కొట్టం పెట్టి వందల్లో పడవలు దింపిన విల్బర్ మోర్స్ వల్ల ఆ ఊరి పేరే పడవకు స్థిరపడింది. మోర్స్ 1853లో పుట్టి 1940లో కన్నుమూశాడు, అంటే తాను కట్టిన పడవకు పేరు రావడమూ, అది పనికిరాకుండా పోవడమూ రెండూ చూశాడు.

ఈ స్లూప్ గొప్పతనమంతా ఒక్క మనిషి దాన్ని నడుపుతూనే బోనులు లాగగలగడంలో ఉంది. ముప్ఫై అడుగుల పడవ, దాని మీద పెద్ద తెరచాప, చేతిలో చుక్కాని కర్ర. ఇన్ని చూసుకుంటూ నీళ్లలో మునిగి ఉన్న ఓక్ బద్దల బోనును పైకి లాగడం సామాన్యమైన పని కాదు. పడవను గాలికి ఎదురుగా మలిపి, తెరచాపను వదులు చేసి ఉంచితే, అది దాదాపు నిలిచినచోటే నిలిచి నెమ్మదిగా ఊగుతూ ఉండేది. ఈ నెమ్మది యాదృచ్ఛికం కాదు. అడుగుదూలం వెనక్కి వెళ్లేకొద్దీ లోతుగా ఉండడం, లోపల అడుగున రాళ్ల బరువు పేర్చడం, వెడల్పును నడుముకు కాస్త ముందుగా ఉంచడం కలిసి పడవకు ఆ గుణాన్ని ఇచ్చాయి. నడుము దగ్గర అంచును ఎందుకంత పల్లంగా ఉంచారంటే, బోను లాగేవాడి నడుముకు ప్రతి అంగుళమూ లెక్కే. రోజుకు పదుల సార్లు ఆ బరువును అంచు మీదుగా లోపలికి తెచ్చుకోవాలి. అందంగా వంగిన ఆ అంచు గీత ఈనాడు పడవల క్యాలెండర్ల మీద కనిపిస్తుంది కానీ, దాన్ని మొదట వంచింది నడుము నొప్పే అని నా అభిప్రాయం.

ఈ పడవలు కట్టిన తీరును తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది సగం నమూనా. కట్టబోయే పడవను నిలువుగా రెండుగా చీలిస్తే వచ్చే ఒక పక్కను మాత్రమే, అడుగుకు ఒక అంగుళం లెక్కనో ముప్పావు అంగుళం లెక్కనో, చెక్కతో మలుస్తారు. రెండో పక్కా అలాగే ఉంటుంది కనుక దాన్ని చెక్కనవసరం లేదు. బాత్ పట్టణంలోని మేన్ మారిటైమ్ మ్యూజియంలో ఇటువంటివి చూడవచ్చు. దగ్గరగా చూస్తే ఆ నమూనా ఒకే దుంగ కాదని తెలుస్తుంది. పలచని పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మేకులతో బిగించి, ఆపైన చిత్రిక పట్టి నునుపు చేస్తారు. కట్టేవాడు దాన్ని చేతిలో పట్టుకుని, వెలుతురుకు ఎదురుగా తిప్పి చూసి, బొటనవేలితో అంచు వెంట తడిమి, ఎక్కడైనా ఎగుడో దిగుడో తగిలితే కాస్త చెక్కుతాడు. పడవ ఎవరి కోసమో ఆ జాలరి కూడా పక్కన నిలబడి, ముందు భాగం ఇంకాస్త నిండుగా ఉండాలనో, వెనుక భాగం సన్నబడాలనో చెబుతాడు. ఇద్దరికీ నచ్చాక పలకలను విడదీసి, ఒక్కొక్క పలక అంచును కొలిచి, ఆ కొలతలను కొట్టం నేల మీద అసలు పరిమాణంలో గీసుకుంటారు. కాగితపు నక్షా అన్నది చాలా కొట్టాల్లో లేనే లేదు. ఆ తరువాతి పడవకు అదే నమూనాను మళ్లీ బిగించి, పోయిన పడవలో తేలిన లోపాన్ని బట్టి ఒక పక్క కాస్త చెక్కడమో, కొత్త పలక ఒకటి చేర్చడమో చేసేవారు. చెక్క పడవకు ఉన్న అసలు శక్తి ఇదే. ప్రతి పడవా పాత పడవ మీద ఒక వ్యాఖ్య.

ఇక కొయ్య విషయానికి వస్తే, అడుగుదూలానికీ పక్కటెముకల్లాంటి వంపు కమ్మీలకూ ఓక్, పై పలకలకు తేలికగా ఉండి త్వరగా కుళ్లని సీడర్ లేదా పైన్ వాడేవారు. ఓక్ కమ్మీని వంచడానికి పొడవాటి చెక్క పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తారు. మందం అంగుళం ఉంటే గంటసేపు అన్నది ఆ పనివాళ్లందరి నోటా వినబడే లెక్క. పెట్టెలోంచి తీశాక మాట్లాడుకోవడానికి కూడా తీరిక ఉండదు. చేతి తొడుగులు వేసుకున్న ఇద్దరు దాన్ని పరుగున తెచ్చి, ఒకరు పై కొనను పట్టుకుంటే ఇంకొకరు కింది కొనను అడుగుదూలానికి ఆనించి కాలితో తొక్కి, క్షణాల్లో ఆకారానికి అణచి బిగించాలి. ఒక పడవల కొట్టంలో దీన్ని దగ్గర నుంచి చూశాను. వేడి ఓక్ నుంచి వచ్చే పుల్లని వాసన, వంగేటప్పుడు అది చేసే సన్నని కిర్రుచప్పుడు, ఆ చప్పుడు పెటిల్లున విరిగే శబ్దంగా మారుతుందేమోనని ఇద్దరి ముఖాల్లో కనిపించే బిగువు ఇంకా నాకు గుర్తే. కమ్మీలన్నీ బిగిశాక పలకలను అంచుకు అంచు ఆనేలా కొట్టి, సందుల్లో నూలు కూరి, పైన పుట్టీ పెడతారు. నీళ్లలోకి దించిన మొదటి రోజుల్లో పడవలోకి నీరు ఊరుతుంది. పలకలు తడిసి ఉబ్బి ఒకదానికొకటి ఒత్తుకున్నాక ఆ ఊట తగ్గిపోతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదలవుతూనే పెట్రోలు ఇంజన్ వచ్చింది. ఒకే సిలిండరుతో, ఊరంతా వినబడేలా టపటపమని కొట్టుకునే ఆ బరువైన యంత్రాలను మొదట్లో స్లూపుల్లోనే దించి, తెరచాప స్తంభాలను కోసి పారేశారు. కానీ తెరచాప లేనప్పుడు లోతైన అడుగూ అక్కర్లేదు, రాళ్ల బరువూ అక్కర్లేదు. పొడవుగా, సన్నగా, తేలికగా ఉన్న పడవైతే తక్కువ శక్తి గల ఇంజన్‌తోనే చురుగ్గా సాగుతుంది. అలా ఇంజన్ కోసమే కట్టిన కొత్త రకం పడవ పుట్టి, 1915 ప్రాంతానికి విల్బర్ మోర్స్ వంటివాళ్ల స్లూపులకు పని లేకుండా చేసింది. ముప్ఫై ఏళ్ల పాటు సవరించుకుంటూ వచ్చిన రూపం పదేళ్లలో పక్కకు పోయింది. దీనికి ఎవరూ పెద్దగా కంటతడి పెట్టినట్టు కనబడదు. గాలి లేని రోజున రేవుకు చేరడానికి తెడ్లు వేసి చేతులు పుళ్లు పడినవాడికి ఇంజన్ చప్పుడు సంగీతంలానే వినబడి ఉంటుంది.

ఈ కొత్త పడవకు ఊపిరి పోసిన చోటు మేన్ తూర్పు కొసన ఉన్న జోన్స్‌పోర్ట్, దాని ఎదురుగా మూసాబెక్ రీచ్ అనే సన్నని జలసంధికి ఆవల ఉన్న బీల్స్ దీవి. ఆ దీవికి వంతెన 1958లో గానీ రాలేదు. అంతవరకు పెళ్లికైనా చావుకైనా పడవే దిక్కు. 1910లలో కెనడాలోని నోవా స్కోషియా నుంచి విల్ ఫ్రాస్ట్ అనే పనివాడు ఇక్కడికి వచ్చాడు. వెనుక భాగాన్ని ఆనాటి టార్పెడో యుద్ధపడవల మాదిరిగా లోపలికి ఏటవాలుగా, గుండ్రంగా మలిచి, పొడవుకు తగ్గట్టు బాగా సన్నగా కట్టిన అతని పడవలు వేగానికి పేరు మోశాయి. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న కాలంలో కెనడా వైపు నుంచి రాత్రిపూట సారా చేరవేసేవాళ్లకు అటువంటి పడవలే కావలసి వచ్చాయి. దొంగరవాణా చేసేవాళ్లకు వేగమైన పడవ కట్టి ఇచ్చిన చేతులే, వాళ్లను తరిమే కోస్ట్ గార్డ్‌కూ కట్టాయని ఆ తీరంలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ ముచ్చట ఎలా ఉన్నా, నిషేధం పోయేసరికి వేగం మీద మోజు మాత్రం జాలర్లకు అంటుకుంది. నేటికీ వేసవిలో జోన్స్‌పోర్ట్ మొదలుకొని తీరం పొడవునా లాబ్‌స్టర్ పడవల పందాలు జరుగుతాయి. బోనులు లాగే పడవకు అంత వేగం ఎందుకని అడిగితే, ముందుగా రేవుకు చేరినవాడికి మంచి ధర దొరుకుతుందని ఒక జవాబు ఉంది. అది సగమే నిజమని అందరికీ తెలుసు.

ఫ్రాస్ట్ దగ్గర చూసి నేర్చినవాళ్లూ, అతనితో పోటీ పడినవాళ్లూ కలిసి బీల్స్ దీవిని పడవల ఊరుగా మార్చారు. అతని మనుమలు రాయల్ లోవెల్, కారల్ లోవెల్ ఆ విద్యను తీరం దక్షిణానికి తీసుకువెళ్లారు. ఇంజన్ల శక్తి పెరిగేకొద్దీ సన్నని గుండ్రటి వెనుక భాగం నీళ్లలోకి కుంగిపోవడం మొదలైంది కనుక, దాని స్థానంలో వెడల్పైన, అడ్డంగా కోసినట్టుండే వెనుక పలక వచ్చింది. తూర్పు తీరంలో ఇలా సాగుతుండగా, మౌంట్ డెజర్ట్ దీవిలోని సౌత్‌వెస్ట్ హార్బర్ వైపు మరో పద్ధతి బలపడింది. జోన్స్‌పోర్ట్ పడవలో అడుగు పలకలు చదునుగా వచ్చి ఆగిపోతాయి, అడుగుదూలం వాటి కింద విడిగా రెక్కలా వేలాడుతుంది. సౌత్‌వెస్ట్ హార్బర్ పడవలో పలకలు లోపలికి వంపు తిరిగి అడుగుదూలంలోకే ఒదిగిపోతాయి. మొదటిది తేలిక, వేగం ఎక్కువ. రెండోది అలల మీద నిదానంగా ఊగుతుంది, ఇంజన్‌ను కిందికి దించుకోవడానికి చోటూ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రేమండ్ బంకర్, రాల్ఫ్ ఎల్లిస్ అనే ఇద్దరు కలిసి ఈ రెండో పద్ధతిలో యాభైకి పైగా పడవలు కట్టారు. వాటిలో కొన్నిటిని వేసవిలో వచ్చే ధనికులు విహారం కోసం కట్టించుకున్నారు. ఏది మేలైనదని అడిగితే ఏ రేవువాళ్లు ఆ రేవు పేరే చెబుతారు. సముద్రానికి ఆవల నోవా స్కోషియాలో, 1905లో క్లార్క్స్ హార్బర్‌లో ఎఫ్రాయిమ్ అట్కిన్సన్ మొదలుపెట్టిన కేప్ ఐలండ్ పడవ మరింత వెడల్పుగా, బరువు మోయడానికి అనువుగా పెరిగింది. దాని కథ వేరే చెప్పుకోవాలి.

ఇన్ని తేడాలున్నా కొన్ని సంగతులు అన్ని పడవల్లోనూ ఒకటే. చుక్కాని చక్రం నడిమధ్యన కాక కుడివైపుకు ఉంటుంది, కుడివైపునే బోను లాగుతారు. జాలరి కుడి చేత్తో కొక్కెం వేసి బోయాను అందుకుని, తాడును పక్కన వేలాడే కప్పీ మీదుగా తిప్పే యంత్రానికి తగిలిస్తాడు. బోను పైకి వస్తున్నంతసేపు పడవను కుడివైపుకే గుండ్రంగా తిప్పుతూ ఉంటాడు, ఎందుకంటే అలా తిరిగినప్పుడు వెనుక భాగం ఎడమకు జరిగి, ప్రొపెల్లర్‌కు తాడు దూరంగా ఉంటుంది. బోను అంచు మీదికి రాగానే తలుపు తెరిచి, కొలబద్ద పెట్టి చూస్తాడు. మేన్ చట్టం ప్రకారం పైడిప్ప మూడుంపావు అంగుళాల కన్నా చిన్నదైనా, అయిదు అంగుళాల కన్నా పెద్దదైనా తిరిగి నీళ్లలోకి వదిలేయాలి. గుడ్లున్న ఆడదాని తోక రెక్కకు గంటు పెట్టి వదులుతారు, ఆ గంటు కనిపించిన దాన్ని మరెవరూ పట్టుకోకూడదు. ఎర మార్చి బోనును మళ్లీ తోసేస్తాడు. ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని. చుక్కాని చోటుకు వెనుక గోడ ఎందుకు లేదో, పైకప్పు కుడివైపు ఎందుకు తెరిచి ఉంటుందో ఈ ఒక్క పని చూస్తే అర్థమవుతుంది.

1970లలో ఫైబర్‌గ్లాస్ వచ్చి చెక్క పడవల కొట్టాలను ఒక్కొక్కటిగా ఖాళీ చేసింది. జాలరి దృష్టిలో ఇందులో వింత ఏమీ లేదు. చెక్క పడవకు ఏటా రంగు వేయాలి, సందుల్లో నూలు చూసుకోవాలి, మంచినీళ్లు నిలిచిన మూలల్లో కుళ్లు వెతకాలి, తుప్పు పట్టిన మేకులు మార్చాలి. ఫైబర్ పడవకు ఆ తలనొప్పి లేదు. మన కోస్తాలో కూడా తెప్పల స్థానంలోకి ఫైబర్ పడవలు వచ్చాయి. వాటిని వద్దని జాలరికి ఉపదేశించడానికి ఒడ్డున నిలబడి ఫోటోలు తీసుకునేవాడికి హక్కు లేదు. అయితే పోయిందేమిటో చెప్పుకోవాలి కదా. ఫైబర్ పడవకు ముందు అచ్చు కావాలి. అచ్చు చేయడానికి బోలెడు ఖర్చు, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి అదే పడవను పదుల కొద్దీ పోతపోయాలి. సగం నమూనా మీద బొటనవేలు తడిమి, ఇక్కడ కాస్త తగ్గించు అని చెప్పే జాలరికి ఆ అచ్చు దగ్గర అంత చోటు లేదు. నాకు ఆసక్తిగా తోచే విషయమేమంటే, ఆ అచ్చులకు రూపం ఇచ్చినదీ చెక్క పనివాళ్లే. బీల్స్ దీవికి చెందిన ఎర్నెస్ట్ లిబ్బీ జూనియర్ రూపకల్పన చేసిన పడవలను మేన్ తీరంలోనే ఉన్న కోరియా అనే ఊరి యంగ్ బ్రదర్స్ ఫైబర్‌లో పోతపోశారు. సౌత్‌వెస్ట్ హార్బర్‌లో జార్విస్ న్యూమన్ ఫ్రెండ్‌షిప్ స్లూపులకే ఫైబర్ అచ్చులు తీశాడు. కాబట్టి ఈనాటి ఫైబర్ పడవను నీళ్లమీద చూసి ఇది ఫలానావాడి చేతి వంపు అని గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు పడవలు వెడల్పెక్కాయి. లైసెన్సుకు 800 బోనుల దాకా అనుమతి ఉన్నప్పుడు, వాటిని పేర్చుకుని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడానికి నేల కావాలి కనుక, ఫ్రాస్ట్ కాలపు సన్నదనం పని పడవలకు ఇక కుదరదు.

పాతవాటిని నిలబెట్టే ప్రయత్నం స్లూపులతో మొదలైంది. 1961లో ఫ్రెండ్‌షిప్ స్లూప్ సొసైటీ ఏర్పడి, ఊళ్లలో కుళ్లిపోతున్న పడవలను వెతికి, పందాలు పెట్టి, కొత్తవి కట్టించడానికి ఊతమిచ్చింది. ఆ గాలి సోకిన పనివాళ్లలో ముందుగా చెప్పవలసిన పేరు రాల్ఫ్ స్టాన్లీ. 1929లో పుట్టి సౌత్‌వెస్ట్ హార్బర్‌లో స్థిరపడిన ఆయన ఏ పాఠశాలలోనూ పడవల పని నేర్వలేదు, చుట్టుపక్కల కొట్టాల్లో పెద్దవాళ్లను చూసి నేర్చాడు. లాబ్‌స్టర్ పడవలు కట్టాడు, స్లూపులు కట్టాడు, శిథిలమైనవాటిని అడుగుదూలం నుంచి తిరగ్గట్టాడు, సాయంత్రాలు ఫిడేలు వాయించాడు. 1999లో ఆయనకు అమెరికా ప్రభుత్వపు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది. జానపద కళాకారులకు ఇచ్చే ఆ గౌరవాన్ని ఒక పడవల వడ్రంగికి ఇవ్వడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ఆయన 2021లో కన్నుమూశారు. ఈలోగా 1974లో మొదలైన వుడెన్‌బోట్ పత్రిక, మేన్‌లోనే బ్రూక్లిన్ అనే చిన్న ఊళ్లో ఆ పత్రికవాళ్లు నడుపుతున్న బడి, ఈ విద్యను తండ్రి కొట్టంలో నేర్చుకునే అవకాశం లేనివాళ్ల చేతికీ అందించాయి. అక్కడికి వచ్చేవాళ్లలో జాలర్లు తక్కువ, సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగులు ఎక్కువ. ఈ మార్పును వెక్కిరించేవాళ్లు ఉన్నారు కానీ, నేర్చుకునేవాడు లేని విద్య కన్నా వారాంతపు విద్యార్థులున్న విద్యే నయం.

పని పడవగానే చెక్క పడవను కట్టేవాళ్లు పూర్తిగా లేకుండా పోలేదు. సౌత్ బ్రిస్టల్‌లో పీటర్ కాస్ ప్రారంభించిన జాన్స్ బే బోట్ కంపెనీ, అందరూ ఫైబర్ వైపు మళ్లాక 1980లలో మొదలై, ఓక్ కమ్మీల మీద సీడర్ పలకలతోనే లాబ్‌స్టర్ పడవలు కడుతూ వచ్చింది. వాటిని కట్టించుకున్నవాళ్లలో రోజూ సముద్రానికి వెళ్లే జాలర్లు ఉన్నారు. వాళ్లు చెప్పే కారణాల్లో పాతకాలపు మమకారం కన్నా పనికి సంబంధించినవే ఎక్కువ. చెక్క పడవ అలను కొట్టినప్పుడు ఒంటికి తగిలే అదురు తక్కువ, లోపల చప్పుడు తక్కువ, చలికాలంలో కాళ్ల కింద చల్లదనం తక్కువ. పైగా తన ఎత్తుకు తగిన అంచు, తన బోనులకు తగిన నేల, తన రేవు అలలకు తగిన ముందు భాగం కావాలని కట్టేవాడికి ఎదురుగా నిలబడి చెప్పుకోవచ్చు. అందుకు అయ్యే ధర, పట్టే నెలలు అందరూ భరించలేరు. భరించగలిగినవాడు మాత్రం ఆర్డరు ఇచ్చి, కమ్మీలు వంచే రోజున తానూ వచ్చి ఓ చెయ్యి వేస్తాడు.